లారీ మీద 2,300 కిలోమీటర్లు వచ్చిన నా పాత బోటు: డ్రైవర్‌కి ఐదు, ఆఫీసుకి రెండు

ముందే చెప్పేస్తాను, బోటు వచ్చింది. ఒక్క ముక్కగా వచ్చింది. కుడివైపు అంచు మీద జానెడు పొడుగున గీత తప్ప దానికేమీ కాలేదు. అయినా ఈ బోటు రవాణా కంపెనీకి ఐదు నక్షత్రాలు ఇవ్వబుద్ధి కావడం లేదు. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

కొన్నది 24 అడుగుల ఫైబర్ బోటు. చిన్న క్యాబిన్, వెనక బయట వేలాడే ఔట్‌బోర్డ్ ఇంజన్ ఒకటి, పైన కమాను లాంటి ఆర్చీ, ఆర్చీ మీద రాడార్ డోమ్, అంటే రాడార్ ఉండే గుండ్రటి డబ్బా. పదిహేడేళ్ల పాతది. అమ్మే ఆయన దేశానికి ఆ చివర, నేను ఈ చివర. బోటుతో పాటు దాని ట్రైలర్ కూడా ఇస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. ఆ ట్రైలర్ టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, గాడులు కూడా అరగలేదు. కానీ పక్కన అచ్చు వేసిన నాలుగంకెల తేదీ చదివితే తొమ్మిదేళ్ల కిందటివి. బోటు ట్రైలర్ల టైర్లు అరిగి చావవు, నిలబడి నిలబడి ఎండకి పగిలి చస్తాయి. బేరింగుల సంగతి ఇంకా ఘోరం. దారంతా తిరిగి వేడెక్కిన హబ్‌ని తీసుకెళ్లి చన్నీళ్లలో ముంచుతాం కదా, అప్పుడు లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. గ్రీజు కాస్తా మజ్జిగ రంగులోకి మారుతుంది. ఒడ్డునుంచి ఇంటికి ఇరవై కిలోమీటర్లు లాగడానికి ఫర్వాలేదేమో, 2,300 కిలోమీటర్లకి మాత్రం కుదరదు. అందుకే లారీ.

నలుగుర్ని రేటు అడిగాను. మొదటాయన పది నిమిషాల్లో చెప్పేశాడు, అదీ అందరికంటే తక్కువ. పొడవు ఒక్కటే అడిగాడు. అడ్వాన్స్ ఇవాళే పంపిస్తే రేపే లారీ అన్నాడు. అరచేతిలో వైకుంఠం. కాస్త గుచ్చి అడిగితే తేలిందేమంటే ఆయనకి లారీ లేదు, ఆయన బ్రోకరు. అడ్వాన్స్ పుచ్చుకున్నాక ఆ రేటుకి ఒప్పుకునే లారీ కోసం వెతుకుతాడు. ఎవరూ ఒప్పుకోకపోతే రేటు పెంచమని మళ్లీ మనకే ఫోన్ చేస్తాడు. బ్రోకర్లందరూ అలాంటివాళ్లే అనను గానీ, లారీ ఎవరి పేరు మీద ఉంది, సరుకు ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంది అని అడిగితే ఈయన మాట మార్చాడు. రెండో ఆయనా మూడో ఆయనా మామూలుగా మాట్లాడారు. నాలుగో కంపెనీ వాళ్లు పదకొండు ప్రశ్నలు అడిగారు. వెడల్పెంత, అడుగు చదునా వీ ఆకారమా, ఇంజన్ లోపలా బయటా, ఆర్చీ మడతపడుతుందా, బోటు నీళ్లలో ఉందా నేల మీద ఉందా, అక్కడ ఎత్తడానికి క్రేన్ ఉందా... ఇన్ని అడిగినవాళ్లకి పని తెలిసే ఉంటుందని వాళ్లకే ఇచ్చాను. ఆ అంచనా సగమే నిజమైంది.

వాళ్లు అడగని పన్నెండో ప్రశ్న ఒకటుంది. ఎత్తు ఎక్కణ్ణుంచి కొలిచారు? అమ్మే ఆయన పాపం నిజాయితీగానే కొలిచాడు. బోటు నీళ్లలో తేలుతోంది, టేపు నీటిమట్టం దగ్గర పెట్టి రాడార్ పైదాకా లాగాడు. 2.6 మీటర్లు. ఆ అంకె నేను కంపెనీకి చెప్పాను, వాళ్లు రాసుకున్నారు. నీళ్ల కింద ఇంకో అరమీటరు బోటు ఉంటుందన్న సంగతి మా ముగ్గురిలో ఏ ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడం వేరు, నేను మొదటిసారి తెప్పించుకుంటున్నాను. రోజూ ఇదే పని చేసేవాళ్లకి?

పొడవు విషయంలోనూ ఇంతే. 24 అడుగులు అన్నది అమ్మకపు కాగితంలో రాసుకునే మాట. ముందు లంగరు వేలాడే ముక్కు, వెనక ఈతకి దిగే పలక, దాని వెనక ఇంజన్ కలిపితే 29 అడుగులకి దగ్గర. వెడల్పు మాత్రం 2.5 మీటర్లే కావడం నా అదృష్టం. చాలా దేశాల్లో మామూలు లారీ లోడుకి వెడల్పు హద్దు 2.5, 2.6 మీటర్ల దగ్గరే ఉంటుంది. అది దాటితే స్పెషల్ పర్మిట్లు, పగలు మాత్రమే ప్రయాణం, ఇంకా వెడల్పైతే ముందూ వెనకా హెచ్చరిక బండ్లు. ఖర్చు ఒక్కసారిగా వేరే మెట్టెక్కుతుంది. కొనేముందు బోటు రంగు తర్వాత చూసుకోవచ్చు, వెడల్పు ముందు చూడండి.

మంగళవారం లారీ వస్తుందన్నారు. నేను ఆదివారానికే అక్కడికి చేరాను. మంగళవారం ఫోన్ చేస్తే 'రేపు', బుధవారం చేస్తే ఇంకో గొంతు 'మేడమ్, మీ కాగితంలో ఐదు రోజుల గడువు రాసుంది కదా' అంది. రాసుంది, నిజమే. మంగళవారం అని నోటితో చెప్పింది కాగితంలో లేదు. శుక్రవారం పొద్దున వచ్చింది లారీ. ఆ మూడు రోజుల బస ఖర్చు నాదే.

ఇక డ్రైవర్ గురించి. యాభై పైబడ్డ మనిషి. లారీ దిగి నాతో మాట్లాడకుండా ముందు రేవు అంచుల మీదుగా బోటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. రెండో చుట్టు ఫోన్‌తో, ప్రతి అడుగుకీ ఒక ఫొటో. మూడో చుట్టు కాగితంతో. ఎక్కించేముందు బోటు ఎలా ఉందో రాసే పట్టిక అది. నేను రెండు వారాలుగా ఫొటోల్లో చూసి చూసి కంఠతా పట్టిన బోటు మీద నాకు కనిపించని మూడు గీతలు చూపించాడు. 'ఇవి పాతవని మీరూ సంతకం పెట్టండి మేడమ్, కొత్తవేమైనా పడితే నన్ను పట్టుకోడానికి మీక్కూడా పనికొస్తుంది' అన్నాడు. ఇంత సూటిగా చెప్పిన మనిషిని ఆ కంపెనీలో మరొకర్ని చూడలేదు.

అప్పుడు క్రేన్ బోటుని నీళ్లలోంచి లేపింది. రెండు వెడల్పాటి పట్టీల మీద ఊగుతూ పైకొచ్చింది. క్రేన్ ఆపరేటర్ 2,870 అని అరిచాడు. కిలోలు. బ్రోషర్‌లో ఉన్నది 2,100. డ్రైవర్ నా వైపు చూశాడు, నేను అమ్మే ఆయన వైపు చూశాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. 'వెళ్లగానే మీరు షికారుకెళ్లొచ్చని ట్యాంకు నిండా కొట్టించానమ్మా!'

మంచి మనసు. 280 లీటర్ల పెట్రోలు, అంటే 200 కిలోలకి పైనే. పైగా రోడ్డు మీద ఊగుతూ ఆవిర్లు కక్కే సరుకు. బ్రోషర్ బరువులో ఇంజన్ ఉండదు, అదొక 240. మంచినీళ్ల ట్యాంకులో 80. రెండు బ్యాటరీలు 50. మిగతాదంతా లంగరు, గొలుసు, తాళ్లు, దిళ్లు, పదిహేడేళ్లుగా సొరుగుల్లో పేరుకున్న సామాను. పాత ఫైబర్ బోట్లలో ఇంకో దొంగ బరువు కూడా ఉంటుంది, డెక్కు కింద ఉండే ఫోమ్ నీళ్లు పీల్చుకుని అలాగే ఉండిపోతుంది. అది మా దాంట్లో లేదని కొనేముందే పరీక్ష చేయించాను. డ్రైవర్ పట్టుబట్టాడు, పెట్రోలు పావు ట్యాంకు కంటే ఎక్కువుంటే ఎక్కించనని. పంపు తెప్పించి డబ్బాల్లోకి తోడేసరికి గంటన్నర. డబ్బాలన్నీ అమ్మినాయన ఇంటికే వెళ్లాయి. ఆయన షికారు మాత్రం ఖాయం.

తర్వాత ఎక్కించడం. నన్నడిగితే ఈ రివ్యూ మొత్తం దీని గురించే రాయాలి. లారీ మీద బోటుని పెట్టడమంటే బెల్టులేసి బిగించెయ్యడమని అనుకునేదాన్ని. బరువంతా మోసేది మధ్యలో ఉన్న కీల్, అంటే బోటు అడుగున పొడవునా ఉండే వెన్నెముక, దాని కింద వరసగా చెక్క దిమ్మలు. పక్కల నుంచి వచ్చే మెత్తటి చేతులు పడిపోకుండా పట్టుకోడానికే, మొయ్యడానికి కాదు. ఆ చేతులు ఎక్కడ ఆనాలన్నది అసలు విద్య. ఆయన బోటు పొట్ట మీద వేళ్ల కణుపులతో కొట్టుకుంటూ వెళ్లాడు, పుచ్చకాయ చూసినట్టు. డబ్ డబ్ అని బోలుగా మోగినచోట సుద్దముక్కతో ఇంటూ గుర్తు. టక్ మని గట్టిగా పలికినచోట సున్నా. గట్టిగా పలికిందంటే లోపల అడ్డగోడ ఉన్నట్టు, చెయ్యి అక్కడే ఆనించాలి. బోలుగా ఉన్నచోట ఆనిస్తే వేల గుంతల మీద అదే చోట నొక్కుకుని నొక్కుకుని ఫైబర్ లోపలికి సొట్టపోతుంది. పైకి కనిపించదు, వేగంగా తోలినప్పుడు బోటు ఒక పక్కకి లాగుతుంటే గానీ తెలియదు.

దిమ్మల మీద కూర్చోబెట్టాక ఎత్తు కొలిచే కర్ర పెట్టాడు. 4.15 మీటర్లు. దారిలో మాకు కుదిరేది 4. 'ఆఫీసు కాగితంలో లారీతో కలిపి 3.65 అనుంది మేడమ్' అని కర్ర నాకే చూపించాడు. అదిగో, నీళ్లకింద మర్చిపోయిన అరమీటరు. రాడార్ డోమ్ విప్పాల్సిందే. నాలుగు బోల్టులు, మూడు వచ్చాయి, నాలుగోది తుప్పు. గంట పట్టింది. విప్పే ముందు వైర్లకి టేపు చుట్టి అంకెలు వేశాడు, ఫొటో తీశాడు, బోల్టులన్నీ సంచిలో వేసి సంచిని ఆర్చీకే కట్టాడు. డోమ్‌ని దిళ్ల మధ్య క్యాబిన్‌లో పడుకోబెట్టాడు.

క్యాబిన్ కప్పు మీది మూత విషయం కూడా ఆయనే పట్టుకున్నాడు. అది ముందువైపు నుంచి తెరుచుకునే రకం. నీళ్లలో గాలి కోసం బాగుంటుంది గానీ లారీ మీద అదే గాలి దాని సందులోకి దూరి పైకి లేపేస్తుంది. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి బోటు 40లో పోయినప్పుడు కిమ్మనకుండా ఉన్న మూత లారీ 80లో పోతుంటే నాలుగింతల తోపు తినాలి. ఎదురుగాలి కలిస్తే ఇంకా. లోపల్నుంచి తాడుతో కట్టి పైన టేపు వేశాడు. ఎండ తెర, దాని గొట్టాలు, వెనక గుడ్డ కుర్చీలు అన్నీ ఊడదీయించాడు. నేను కొత్త టార్పాలిన్ కొనుక్కుని వెళ్లాను, కప్పుదామని. వద్దే వద్దన్నాడు. గాలికి కొట్టుకునే టార్పాలిన్ 2,000 కిలోమీటర్లు గరుకు కాగితంతో తోమినట్టు పైపూత లేపేస్తుందట. వేడి చేసి బిగుతుగా అతికించే ప్లాస్టిక్ తొడుగైతే సరే, లేదంటే దుమ్ము పడనివ్వండి, దుమ్ము కడిగితే పోతుందన్నాడు. టార్పాలిన్ ఇంకా ప్యాకెట్లోనే ఉంది.

ఇంజన్‌ని పైకి లేపి వదిలేయకుండా కింద ఒక దన్ను కడ్డీ బిగించాడు. హైడ్రాలిక్ మీద వేలాడుతూ 240 కిలోలు ప్రతి గుంతకీ ఎగిరితే ఆ దెబ్బంతా ఇంజన్ బిగించిన బోటు వెనక గోడకి తగులుతుంది. చివరికి అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పాడు. దారిలో వాన పడితే నీళ్లు పోవాలిగా. మా బోటు వెనక డెక్కు ఆరు చదరపు మీటర్లు, ఐదు సెంటీమీటర్ల వాన నిలిస్తే 300 కిలోలు. ఆ ప్లగ్‌ని పారేయకుండా దారం కట్టి ఇంజన్ తాళానికే వేలాడదీశాడు. 'నీళ్లలో దించాక స్టార్ట్ చేద్దామని తాళం పడితే ఇది చేతికి తగులుతుంది. అప్పటికే కొంచెం ఆలస్యమనుకోండి, మునిగేంత కాదు' అని నవ్వాడు.

లోపల నిలిచిన నీళ్లన్నీ కూడా వంపించాడు, చేపలు వేసే తొట్టితో సహా. మొదట చాదస్తం అనుకున్నాను. కానీ ఒక చోటి నీళ్లతో పాటు అక్కడి జీవులు కూడా ఇంకో చోటికి బోటెక్కి పోతాయి. 1988లో ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్ ప్రాంతంలో బయటపడిన జీబ్రా మసల్స్ అనే ఆల్చిప్పలు ఆ తర్వాత ఎన్నో సరస్సులకి పాకింది చాలామటుకు ఇలా బోట్ల అడుగులు పట్టుకునే. పైపుల్లోకి దూరి మూసేస్తాయి. వాటి పిల్లలు కంటికి కూడా కనపడవు, గుక్కెడు నీళ్లు చాలు. అడుగు గీకడం, నీళ్లు వంపడం, ఆరబెట్టడం, ఈ మూడూ చెయ్యని బోటుని కొన్నిచోట్ల దింపనే దింపనివ్వరు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఐదు రోజులు. రోజూ రాత్రి ఆయన నుంచి ఒక ఫొటో, కింద ఒక లైను. 'బెల్టులు రెండుసార్లు బిగించాను.' 'వాన. ప్లగ్ కన్నంలోంచి పోతోంది.' మొదటి యాభై కిలోమీటర్లలోనే బెల్టులు వదులవుతాయట, కొత్త బెల్టు సాగుతుంది, బోటు సర్దుకుంటుంది. ఆఫీసు నుంచి మాత్రం ఐదు రోజుల్లో ఒకే మెసేజ్, మిగిలిన డబ్బు దించేముందు కట్టాలని.

దించేటప్పుడు కనిపించింది ఆ గీత. బెల్టు కింద పెట్టిన కార్పెట్ ముక్క ఎక్కడో జారింది, జానెడు మేర పైపూత తెల్లగా అరిగింది. నేను చూసేలోపే ఆయన చూసి కాగితం మీద రాశాడు. 'ఇది నాదే మేడమ్' అన్నాడు. దానికి ఆఫీసు ఏమందో తెలుసా? 'పదిహేడేళ్ల పాత బోటు కదా, ముందే ఉండుంటుంది.' వాళ్ల డ్రైవరే సంతకం పెట్టిన కాగితం, వాళ్ల డ్రైవరే తీసిన ఫొటోలు పంపించాను. అవి మాకు చేరలేదన్నారు. మళ్లీ పంపించాను. ఏడు వారాలకి రిపేరు ఖర్చులో సగానికి కొంచెం పైన ఇచ్చారు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట, నేను కొంచెంలో తప్పించుకున్నది కాబట్టి. లారీవాళ్ల ఇన్సూరెన్స్ వాళ్ల తప్పు వల్ల పోయినదానికి, అదీ ఒక హద్దు వరకే. నా కాగితంలో లోపలి సామాను లేదు, గుడ్డ తెరలు లేవు, ఇంజన్ లోపాలు లేవు. బోటు మీద నేను తీసుకున్న పాలసీ చదివితే అదేమో బోటు నీళ్లలో ఉంటేనే. అంటే ఆ ఐదు రోజులూ రెండు కాగితాల సందులో పడేది నా బోటు. లారీ బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి రవాణా కూడా కలిపించుకున్నాను. చిన్న మొత్తమే.

చివరి బిల్లులో ఉచిత సమయం పోగా నాలుగు గంటల వెయిటింగ్ వేశారు. మొదటి రెండు గంటలు ఉచితం, ఆ పైన గంటకింత. పెట్రోలు తోడిన గంటన్నర నా ఖాతానే, ఒప్పుకున్నాను. డోమ్ విప్పిన గంటకి, దాని ముందు ఆఫీసుకి ఫోన్లు చేస్తూ నిలబడ్డ గంటన్నరకి నేనెందుకు కట్టాలి? ఎత్తు అంకె ఇచ్చింది మీరేగా అన్నారు. ఎక్కణ్ణుంచి కొలవాలో చెప్పాల్సింది మీరేగా అన్నాను. చివరికి ఒక గంట తగ్గించారు. క్రేన్ ఖర్చు రెండు చివర్లా నాదేనన్న సంగతి కూడా కొటేషన్‌లో ఎక్కడో అడుగున ఉంది. ఇంటి దగ్గర్నుంచి ఇంటి దగ్గరికి అని పైన పెద్దక్షరాల్లో రాసుకున్నవాళ్లు ఇది కూడా అదే సైజులో రాయొచ్చు.

ఎవరైనా ఈ కంపెనీకే ఇవ్వమంటావా అని అడిగితే, ఆ డ్రైవర్ వస్తాడని రాతపూర్వకంగా ఇస్తే ఇవ్వమంటాను. ఇవ్వరు. నేను అడిగాను.

బోటు నీళ్లలో దిగింది. పట్టీలు వదలకుండానే ఐదు నిమిషాలు నిలబెట్టించి అడుగున చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. తాళానికి ఇంకా ఆ దారం ఉంది. రాడార్ డోమ్ తిరిగి బిగించింది మాత్రం నేనే, ఆయన వేసిన అంకెలు చూసుకుంటూ, చాలా గర్వంగా. రాడార్ తెర మీద ఒడ్డు ఇప్పటికీ ఆరు డిగ్రీలు ఎడమకి జరిగి కనిపిస్తోంది. దాన్ని వాళ్ల బిల్లులో వెయ్యలేను.